మోత బేరింగ్‌ది.. బిల్లు హబ్ మొత్తానిదా?

కారు చక్రం దగ్గర మోత మొదలైతే ‘సెట్టు మొత్తం మార్చాల్సిందే’ అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. కానీ చాలా కార్లలో ముందుగా పాడయ్యేది లోపలున్న బేరింగ్ ఒక్కటే. ఏది పోయిందో, ఏది బాగుందో తేల్చి చెప్పగలిగితే కారున్నవాళ్లకు వేల రూపాయలు మిగులుతాయి. అలా తేల్చి చెప్పే పని నేర్చుకుంటే మీకు ఉన్న ఊళ్లోనే ఉపాధి దొరుకుతుంది.

‘‘అన్నా, అరవై దాటితే బుయ్‌మని సౌండు వస్తాంది. బండి నిదానంగా పోతాంటే ఏమీ లేదు.’’

‘‘టైర్లదేమోలే.. తోలుకో.’’

బద్వేలులో టాక్సీ తోలేవాళ్లకూ, సెకండ్ హ్యాండు కారు కొన్నవాళ్లకూ ఈ సంభాషణ కొత్తేమీ కాదు. కృష్ణపట్నం ఓడరేవుకు వెళ్లే 67వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. రోడ్డు నిండా లోడు లారీలే. ఆస్పత్రికి కడప వెళ్లాలన్నా, పెళ్లికి నెల్లూరు వెళ్లాలన్నా కారు కట్టాల్సిందే. అలాంటి కారు రెండు రోజులు షెడ్డులో ఉంటే ఆ రెండు రోజుల కిరాయీ పోయినట్టే. అందుకే చాలామంది మోతను భరిస్తూనే తిప్పుతారు. చివరికి ఒకరోజు చక్రం ఊగడం మొదలవుతుంది. అప్పుడు బిల్లు పెద్దదవుతుంది, ప్రాణానికీ ప్రమాదమే.

అసలు లోపల ఏముంది?

చక్రం నేరుగా ఇరుసుకు బిగించి ఉండదు. చక్రాన్ని నాలుగైదు నట్లతో పట్టుకునే ఇనుప బిళ్లలాంటి భాగమే హబ్. అది తిరుగుతుంది. సస్పెన్షన్‌కు, స్టీరింగుకు తగిలించి ఉండే బరువైన పోత భాగం నకిల్. అది చక్రంతో పాటు తిరగదు. తిరిగే హబ్‌కూ, తిరగని నకిల్‌కూ మధ్య కూర్చునేది బేరింగ్. లోపలి రింగు, బయటి రింగు, వాటి మధ్య రెండు వరుసల గుండ్లు, గ్రీజు, రెండు వైపులా సీలు.. ఇంతే దాని నిర్మాణం. కారు బరువంతా మోసేది ఈ గుండ్లే.

సీలు దెబ్బతిని నీళ్లో, దుమ్మో లోపలికి వెళితే గ్రీజు చెడిపోతుంది. గుంతలో చక్రం గట్టిగా పడినా, ఎక్కువ లోడు వేసినా గుండ్లు నడిచే దారిలో సన్నటి పెచ్చు లేస్తుంది. అక్కడినుంచే మోత మొదలు. వానాకాలంలో వాగు పారుతున్న కల్వర్టు మీదుగా బండిని దాటించాక కొన్ని వారాలకు మోత వస్తే, నీళ్లు చేరి ఉంటాయని ముందుగా అనుమానించాలి.

కార్లలో ఈ అమరిక ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో బేరింగ్‌ను నకిల్‌లోకి ప్రెస్ చేసి, దానిలోకి హబ్‌ను ప్రెస్ చేస్తారు. చాలా చిన్న కార్ల ముందు చక్రాలకు ఉండేది ఇదే. ఇక్కడ బేరింగ్ ఒక్కటే విడిగా దొరుకుతుంది, విడిగా మార్చుకోవచ్చు. రెండో రకంలో హబ్, బేరింగ్ ఒకే ముక్కగా వస్తాయి, బోల్టులతో బిగిస్తారు. బేరింగ్ పోతే ముక్క మొత్తం మార్చాల్సిందే. మీ కారు ఏ రకమో తెలియకుండా ధర గురించి మాట్లాడటంలో అర్థం లేదు. మొదటి ప్రశ్న ఇదే కావాలి.

మోత ఎక్కడిది?

డబ్బు ఆదా విడిభాగాల దుకాణంలో మొదలు కాదు, సరైన పరీక్ష దగ్గర మొదలవుతుంది. ఎడమ చక్రం బేరింగ్ పోతే కుడివైపు మార్చినవాళ్లు, టైర్ల మోతకు బేరింగ్ మార్చినవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ వరుసలో చూడండి.

రోడ్డు మారితే మోత మారుతోందా? తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే శబ్దం తీరు మారిపోతే అది టైర్లది కావచ్చు. ఏ రోడ్డు మీదైనా ఒకేలా ఉండి, వేగంతో పాటు పెరుగుతుంటే బేరింగ్‌ను అనుమానించాలి. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడటం ఇంకో పద్ధతి. మోత కూడా టైర్లతో పాటు చోటు మారితే బేరింగ్ జోలికి వెళ్లనక్కర్లేదు.

ఏ వైపు? ఖాళీగా ఉన్న రోడ్డు మీద, మెల్లటి మలుపులో గమనించండి. బండి ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడివైపు బేరింగ్ కావచ్చు. కుడికి తిరిగినప్పుడు పెరిగితే ఎడమవైపు.

చక్రం ఊగుతోందా? బండిని జాకీతో లేపి, స్టాండు మీద నిలబెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే తగిలితే బేరింగ్ కానీ, కింది బాల్ జాయింట్ కానీ అయ్యుంటుంది. అటూ ఇటూ పక్కల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ప్లే ఉంటే స్టీరింగు టై రాడ్ వైపు చూడాలి. ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ప్లే పోయిందంటే అనుమానం బేరింగ్ మీదే ఎక్కువ.

చేతికి ఏం తెలుస్తోంది? ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేయి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించండి. పాడైన బేరింగ్ గరగరలాడటం వేళ్లకు తెలుస్తుంది. రెండో వైపు చక్రంతో పోల్చి చూస్తే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. తిప్పేటప్పుడు వేళ్లు స్ప్రింగు చుట్ల మధ్యకు పోకుండా చూసుకోండి.

ఒకవైపు పోయిందని రెండో వైపూ మార్చాలన్న నియమమేమీ లేదు. బాగుంటే వదిలేయండి.

లెక్క ఇలా వేసుకోండి

ధరలు మోడల్‌ను బట్టి, ఊరిని బట్టి మారతాయి. లెక్క అర్థం కావడానికి కొన్ని గుండు అంకెలు అనుకుందాం. బేరింగ్ 1,500, హబ్ 1,500, నకిల్ 3,500 రూపాయలు. మూడూ మార్చి 700 మజూరీ తీసుకుంటే బిల్లు 7,200.

బేరింగ్ ఒక్కటే పోయింది, మిగతా రెండూ బాగున్నాయి అనుకోండి. బేరింగ్ 1,500, కొత్త యాక్సిల్ నట్, సర్‌క్లిప్ కలిపి 200, ప్రెస్ చేసినందుకు 400, మజూరీ కాస్త ఎక్కువే వేసి 900. మొత్తం 3,000. అంటే 4,200 మిగిలాయి. మెకానిక్‌కు మజూరీ కూడా ఎక్కువే వచ్చింది. తగ్గింది అనవసరంగా కొన్న ఇనుము ఖర్చు ఒక్కటే.

ఇప్పుడు ‘ఇంకాస్త తగ్గిద్దాం’ అని పేరు లేని 600 రూపాయల బేరింగ్ వేశామనుకుందాం. బిల్లు 2,100. కానీ అది నాలుగు నెలలకే మళ్లీ మోత పెడితే? రెండోసారి మంచి బేరింగ్, ప్రెస్సు, మజూరీ కలిపి మళ్లీ 3,000. మొత్తం 5,100. మధ్యలో బండి ఆగిన రోజు కిరాయి నష్టం దీనికి అదనం.

అంకెలు మారినా సూత్రం మారదు. పాడవని భాగం కొనకపోవడంలో ఆదా ఉంది. పాడైన దాని స్థానంలో నాసిరకం కొంటే అది ఆదా కాదు.

డబ్బా మీద పేరు, రింగు మీద నంబరు

కార్ల కంపెనీలు బేరింగులను సాధారణంగా సొంతంగా తయారు చేసుకోవు. బేరింగ్ కంపెనీల దగ్గర కొంటాయి. మన దేశంలో జైపూర్ కేంద్రంగా ఎన్‌బీసీ, వడోదరలో ఎఫ్‌ఏజీ పేరుతో షెఫ్లర్, పుణెలో ఎస్‌కేఎఫ్ వంటి సంస్థలకు కర్మాగారాలున్నాయి. కారు కంపెనీ డబ్బాలో వచ్చే బేరింగ్ మీదా ఇలాంటి తయారీదారు పేరే కనిపించవచ్చు. అదే తయారీదారు సొంత డబ్బాలో అమ్మే అదే నంబరు బేరింగ్ సాధారణంగా తక్కువ ధరకు దొరుకుతుంది. అందుకే పాత బేరింగ్ బయటికి తీశాక పారేయకండి. తుడిచి, రింగు మీద చెక్కిన పేరూ నంబరూ ఫోనులో ఫొటో తీసుకోండి.

నంబరు చదవడం రావాలి. చక్రాల బేరింగుల మీద ‘డీఏసీ 34640037’ లాంటి నంబరు కనిపిస్తుంది. లోపలి వ్యాసం 34 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 64, వెడల్పు 37 అని అర్థం. మామూలు బాల్ బేరింగులైతే 6205 లాంటి నంబర్లు ఉంటాయి. చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే లోపలి వ్యాసం వస్తుంది. 05 అంటే 25 మిల్లీమీటర్లు. ఈ లెక్క 04 నుంచి పనిచేస్తుంది. అంతకన్నా చిన్నవాటిలో 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. ‘2ఆర్‌ఎస్’ అంటే రెండు వైపులా రబ్బరు సీలు, ‘జెడ్‌జెడ్’ అంటే రెండు వైపులా రేకు మూత. నంబరు చెరిగిపోతే వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. పదో తరగతి తర్వాత ల్యాబులో ముట్టుకున్న ఆ పరికరం ఇక్కడ నిజంగా అన్నం పెడుతుంది.

ఏబీఎస్ ఉన్న కార్లలో ఇంకో జాగ్రత్త. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. వీటిలో చాలావాటికి బేరింగ్ సీలులోనే అయస్కాంతపు రింగు ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సర్ దాని ద్వారానే తెలుసుకుంటుంది. సైజు ఒకటే అని ఈ రింగు లేని బేరింగ్ వేసినా, రింగున్న వైపును తిప్పి వేసినా డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలుగుతుంది. మళ్లీ మొత్తం విప్పాల్సిందే. రింగున్న వైపు సెన్సర్‌కు ఎదురుగా ఉండాలి. ఆ బేరింగ్‌ను అయస్కాంతాల దగ్గర పెట్టకూడదు.

నకిలీల బెడద కూడా ఉంది. ఎస్‌కేఎఫ్‌కు ‘ఎస్‌కేఎఫ్ ఆథెంటికేట్’, షెఫ్లర్‌కు ‘ఆరిజిన్‌చెక్’ అనే యాప్‌లున్నాయి. డబ్బాను, గుర్తులను వాటితో పరిశీలించుకోవచ్చు. దానికన్నా ముందు చేయాల్సింది బిల్లు అడగడం. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నింటిపై జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటి మీద 28 శాతం ఉండేది. పాత ధర పట్టిక చూపిస్తే అడిగే హక్కు మీకుంది.

సెకండ్ హ్యాండు కొనొచ్చా?

చెన్నై పుదుపేట పాత విడిభాగాలకు పేరున్న మార్కెట్. మనకు విజయవాడ ఆటోనగర్ ఉంది. నకిల్, హబ్ లాంటి ఇనుప భాగాలు పగుళ్లు, వంపులు లేకుండా, కొలతలు సరిపోతే అక్కడ తక్కువకు తెచ్చుకోవచ్చు. పాత బేరింగ్ మాత్రం ఎంత చౌకైనా కొనకూడదు. ఒకసారి ప్రెస్ చేసి విడదీసిన బేరింగ్‌లో గుండ్ల దారికి దెబ్బ తగిలే ఉంటుంది. పైకి కనిపించదు.

బిగింపులోనే ఉంది అసలు పని

కొత్త బేరింగ్ త్వరగా పోయిందంటే తప్పు తయారీదే కానక్కర్లేదు, బిగింపుది కూడా కావచ్చు. పని వరుస ఇలా ఉంటుంది. బండి నేల మీద ఉన్నప్పుడే యాక్సిల్ నట్ వదులు చేయాలి. తర్వాత లేపి స్టాండ్ల మీద నిలపాలి. ఇటుకలు, రాళ్లు, ఒక్క జాకీ మీద నమ్మకం.. ఇవేవీ పనికిరావు. చక్రం, కాలిపర్, డిస్కు తీయాలి. కాలిపర్‌ను బ్రేకు పైపుకు వేలాడదీయకుండా తీగతో కట్టాలి. సెన్సర్, టై రాడ్, బాల్ జాయింట్ విడదీసి, స్ట్రట్ బోల్టుల దగ్గర గుర్తు పెట్టుకుని నకిల్‌ను బయటికి తీయాలి. అక్కడినుంచి పని ప్రెస్ మీద. సొంత ప్రెస్ లేకపోతే విప్పిన నకిల్‌ను లేత్ షాపుకు తీసుకెళ్లి ప్రెస్ పని వరకే డబ్బు ఇవ్వొచ్చు.

ప్రెస్ దగ్గర ఒకే నియమం: నొక్కే బలం గుండ్ల మీదుగా పోకూడదు. బేరింగ్‌ను నకిల్‌లోకి దించేటప్పుడు బయటి రింగునే నొక్కాలి. హబ్‌ను బేరింగ్‌లోకి దించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆధారం పెట్టాలి. సుత్తితో కొట్టి దించితే కొత్త బేరింగ్‌కు అక్కడే ఆయుష్షు తగ్గిపోతుంది.

పాత హబ్ మళ్లీ వాడొచ్చా అన్నది ఇక్కడే తేలుతుంది. పాత లోపలి రింగు సాధారణంగా హబ్‌కే అతుక్కుని వస్తుంది. దాన్ని పుల్లర్‌తో తీయాలి. గ్రైండర్ వాడాల్సి వస్తే హబ్‌కు గాటు పడకూడదు. బేరింగ్ కూర్చునే చోట వేడికి నీలిరంగు తిరిగినా, గీతలు పడి అరిగినా హబ్ మార్చాలి. నకిల్ రంధ్రంలో బేరింగ్ వదులుగా కూర్చుంటే నకిల్ మార్చాలి. కొందరు రంధ్రం చుట్టూ పంచ్‌తో చుక్కలు కొట్టి, రేకు పెట్టి టైట్ చేస్తారు. చక్రం విషయంలో ఆ ఉపాయాలు వద్దు. ‘మార్చనక్కర్లేదు’ అని చెప్పినంత గట్టిగా ‘ఇది మార్చాల్సిందే’ అని చెప్పగలవాడే మంచి మెకానిక్.

చివరగా యాక్సిల్ నట్ కొత్తది వేసి, కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన బిగింపుకు టార్క్ రెంచ్‌తో బిగించాలి. చేతి అంచనా చాలదు. వదులైతే బేరింగ్ విడిపోతుంది. నట్ బిగించకముందే బండి బరువు చక్రం మీద పడనివ్వకూడదు. స్ట్రట్ బోల్టులు విప్పారు కాబట్టి వీల్ అలైన్‌మెంట్ చూపించాలి.

మొదటిసారైతే ఇంటి దగ్గర ఒంటరిగా ఈ పని పెట్టుకోకండి. తెలిసినవాళ్ల పక్కన నిలబడి రెండు మూడు సార్లు చూసి, చేయి కలిపి, ఆ తర్వాతే సొంతంగా చేయాలి.

బయట చేయిస్తే వారంటీ పోతుందా?

చాలామంది భయం ఇది. దీనిమీద దేశంలో పెద్ద కేసే నడిచింది. విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్న ఫిర్యాదుపై 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు బహిరంగ మార్కెట్‌లో దొరకాలని, బయటి మెకానిక్ దగ్గర చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టకూడదని చెప్పింది. తప్పుడు రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకు మాత్రం వారంటీ నిరాకరించవచ్చంది. జరిమానాపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అందుకే వారంటీ ఉన్న కారైతే ముందు కార్డులోని షరతులు చదివి, బేరింగ్ అందులో ఉందో లేదో చూసుకోండి. ఉంటే ఉచితంగా మార్చుకోవడమే అసలైన ఆదా. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ తెచ్చిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లో వాహనాల విభాగం కూడా ఉంది. కంపెనీల రిపేరు, వారంటీ సమాచారం అక్కడ చూడొచ్చు.

ఇదే పనిగా ఎంచుకుంటే..

పది పాసైతే ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఒక సంవత్సరం. తర్వాత అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని సర్వీస్ సెంటర్లు, కర్మాగారాల్లో అప్రెంటిస్‌గా చేరొచ్చు. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో 25 శాతం, గరిష్ఠంగా నెలకు 1,500 రూపాయలు కేంద్రం భరిస్తుంది. మన సీమలోనే పెనుకొండ దగ్గర కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ తయారయ్యే కార్లయినా, ఇంకెక్కడివైనా, రిపేరుకు వచ్చేది మాత్రం మన ఊరి షెడ్డుకే.

సొంతంగా పెట్టుకోవాలంటే ముద్ర రుణం శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు అడగొచ్చు. సేవారంగ యూనిట్లకు పీఎంఈజీపీలో 20 లక్షల ప్రాజెక్టు వరకు అవకాశం ఉంది. గ్రామీణ ప్రాంతంలో జనరల్ వర్గానికి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళల వంటి ప్రత్యేక వర్గాలకు 35 శాతం సబ్సిడీ. మొదటిరోజే పెద్ద షెడ్డు కట్టనక్కర్లేదు. హైడ్రాలిక్ ప్రెస్, పుల్లర్లు, టార్క్ రెంచ్, వెర్నియర్, గట్టి స్టాండ్లు ఉంటే ఈ ఒక్క పనిలో నమ్మకం సంపాదించొచ్చు.

‘బ్యాటరీ కార్లు వస్తే మెకానిక్‌లకు పని ఉండదు కదా’ అన్న సందేహం మీకు రావచ్చు. ఇంజిన్ ఆయిల్, క్లచ్ పని తగ్గుతుంది, నిజమే. కానీ చక్రం, హబ్, బేరింగ్, బ్రేకు, సస్పెన్షన్ వాటికీ ఉంటాయి. పైగా ఇంజిన్ చప్పుడు లేని బండిలో బేరింగ్ మోత ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

షెడ్డులో అడగాల్సిన అయిదు ప్రశ్నలు

1. పోయింది బేరింగా, హబ్బా, నకిలా? ఎలా తేల్చారు?
2. నా కారుకు బేరింగ్ విడిగా దొరుకుతుందా, హబ్‌తో కలిసి వస్తుందా?
3. వేసేది ఏ కంపెనీది? నంబరెంత? బిల్లు ఇస్తారా?
4. ప్రెస్ మీద దించుతారా, సుత్తితోనా? నట్ కొత్తది వేస్తారా?
5. తీసిన పాత భాగం నాకు చూపిస్తారా?

కారు మీదైతే ఈ ప్రశ్నలు అడగండి. షెడ్డు మీదైతే అడగకముందే జవాబులు చెప్పండి. పాత బేరింగ్‌ను బల్ల మీద పెట్టి, వేలితో తిప్పి, ఎక్కడ గరగరలాడుతోందో బండివాళ్లకు చూపించండి. అలా చూపించిన షెడ్డుకు ఆ బండి మళ్లీ వస్తుంది. వాళ్లు చెబితే ఇంకో నాలుగు బండ్లూ వస్తాయి.